స్కూలు గేటు ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో వేయాలి? (6, 7, 8 తరగతుల పిల్లల సంగతి)

చెరువుగట్టు (పల్నాడు)

అందరికీ నమస్కారం. మాది పల్నాడులో ఒక జెడ్పీ హైస్కూలు. ఊరి పేరు రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. స్కూలు కమిటీలో మెంబరుని. మా అమ్మాయి ఏడో తరగతి.

పరీక్షలకి ముందు వార్షికోత్సవం పెట్టుకున్నాం. గేటు పక్కన పది అడుగుల ఫ్లెక్సీ వేయిద్దామని మొన్న మీటింగులో అనుకున్నాం. డబ్బులు అమెరికాలో ఉన్న మా స్కూలు పూర్వ విద్యార్థి ఒకాయన ఇస్తానన్నారు. ఆయన ఈ ఫోరంలో మెంబరే, చూస్తే పలుకుతారు. ఎవరి ఫొటోలు వేయాలి అనే దగ్గర మొదలైంది గొడవ. గంటన్నర సాగింది, రెండుసార్లు టీ తెప్పించాం.

ఈ ఏడాది మా చిన్న క్లాసుల లెక్క ఇదీ. ఎనిమిదిలో నలుగురు ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష కొట్టారు. ఒకమ్మాయి అండర్-14 ఖోఖో జిల్లా జట్టులోకి వెళ్ళింది. ఏడో తరగతి పిల్లాడి ఐడియా ఇన్‌స్పైర్ మనక్ అనే సైన్సు ఐడియాల పోటీకి ఎంపికై అకౌంట్లో పదివేలు పడ్డాయి. ఇంకా స్కౌట్స్ పిల్లలున్నారు. బాలసభలో మైకు పట్టుకుంటే వదలని పిల్ల ఒకతి ఉంది. భోజనాల దగ్గర చిన్నవాళ్ళని వరసలో నిలబెట్టి, వాళ్ళు తిన్నాక తాము తినే కుర్రాళ్ళు ఇద్దరున్నారు.

హెడ్మాస్టరు గారేమో ఎన్‌ఎంఎంఎస్ నలుగురినే మధ్యలో పెద్దగా వేయమంటారు. అడ్మిషన్ల కోసం వచ్చేవాళ్ళు అదే చూస్తారట. డ్రిల్ మేడం ఖోఖో పిల్ల ఫొటో లేకపోతే తాను వార్షికోత్సవానికే రానన్నారు. ఛైర్మన్ గారు ఇద్దరినీ ఆపి, "ముందు పైవరస సంగతి తేల్చండి" అన్నారు. పైవరస అంటే పెద్దల ఫొటోలు. లెక్కేస్తే వాళ్ళే తొమ్మిదిమంది. పిల్లలకి మిగిలింది ఆధార్ కార్డు ఫొటో అంత చోటు.

ఇంటికొచ్చి చెప్తే మా అమ్మాయి, "పోయినేడాది ఫ్లెక్సీ ఇప్పుడెక్కడుందో తెలుసా నాన్నా?" అంది. తెలుసు. మా బాబాయి గేదెల పాక మీద ఉంది. వాన కారుతోందని కప్పారు. ఫస్టొచ్చిన పిల్లాడి మొహం మీద కోడిపెట్ట పడుకుని ఉంటుంది.

మీ స్కూళ్ళలో ఎలా చేస్తున్నారో చెప్పండి. కోప్పడకుండా.

---

లెక్కల_మాస్టారు

మీ హెడ్మాస్టరు గారి మాటలో తప్పు లేదండీ. ఎన్‌ఎంఎంఎస్ అంటే ఏదో క్విజ్‌లో గెలిచిన కప్పు కాదు. సంవత్సరానికి 12,000 చొప్పున తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా, మొత్తం 48,000. కూలికెళ్ళే ఇంట్లో ఆ డబ్బు విలువ ఎంతో మీకు చెప్పక్కర్లేదు.

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నా. ఎనిమిదో తరగతిలో రాయాలి. సర్కారు, జెడ్పీ, మున్సిపల్, ఎయిడెడ్ బడుల పిల్లలకే. నవోదయ, కేంద్రీయ విద్యాలయం, రెసిడెన్షియల్ పిల్లలకి లేదు. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకి 50. పేపరు రెండు భాగాలు. మ్యాట్ (తెలివిని పరీక్షించేది) 90 ప్రశ్నలు, శాట్ (పాఠాల మీద) 90 ప్రశ్నలు, మొత్తం మూడు గంటలు. శాట్‌లో 35 సైన్సు, 35 సోషల్, 20 లెక్కలు. మన పిల్లలు తడబడేది మ్యాట్ దగ్గర. అక్షరాల వరసలు, అద్దంలో బొమ్మలు, గడియారం ముళ్ళ మధ్య కోణాలు. ఇవి ఏ పాఠంలోనూ ఉండవు. విడిగా కూర్చోబెట్టి చెప్పాల్సిందే.

నేను ఆగస్టు నుంచి పొద్దున ఎనిమిదింటికి క్లాసు పెడతాను. జీతంలో దానికి పైసా లేదు. పిల్లలు సద్దన్నం తిని పరిగెత్తుకొస్తారు. అలాంటి నలుగురి ఫొటోలు మధ్యలో వేస్తే ఎవరి సొమ్ము పోతుంది?

---

సన్నజాజి

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఆ నలుగురు కాక మీ క్లాసులో మిగతావాళ్ళు ఎంతమంది?

మా బాబు ఎనిమిది. వాడి ఫొటో ఏ ఫ్లెక్సీ మీదా రాలేదు, రాదు కూడా. ఆ సంగతి వాడికీ తెలుసు. పోయినేడాది గేటు దగ్గర ఫ్లెక్సీ కడుతుంటే నిచ్చెన పట్టుకున్నది వాడే. ఇంటికొచ్చి "అమ్మా, ముడి నేనే వేశాను, ఊడలేదు" అని సంబరంగా చెప్పాడు. నవ్వాలో ఏడవాలో నాకు అర్థం కాలేదు.

---

డ్రిల్_విజిల్ (నల్లగొండ)

నేను పీఈటీని, అంటే ఆటల టీచర్ని. పన్నెండేళ్ళ సర్వీసు. ఫ్లెక్సీ అనగానే ఎన్‌ఎంఎంఎస్, నవోదయ, ట్రిపుల్ ఐటీ. ఆటల పిల్లలు గుర్తొచ్చేది మంత్రిగారు వచ్చిన రోజు మార్చ్‌పాస్ట్‌కి. అప్పుడు మాత్రం "సార్, మీ పిల్లల్ని దింపండి".

ఖోఖో పిల్ల జిల్లాకి వెళ్ళడమంటే ఏంటో తెలుసా? ముందు మండలం, తర్వాత డివిజన్, ఆ తర్వాత జిల్లా సెలక్షన్. ఒక్కోదానికి ఒక్కో ఊరు. ఒక్కో ఊరికి బస్సు ఛార్జీ, మధ్యాహ్నం తిండి. వయసు కాగితం మీద ఒక్క అక్షరం తేడా వచ్చినా వెనక్కి పంపుతారు. మైదానంలో తొమ్మిదిమంది ఉంటే ఎనిమిదిమంది కూర్చుంటారు, తరిమేది ఒక్కరే. కూర్చున్న పిల్ల వీపు మీద తట్టి "ఖో" అన్న క్షణంలో ఆ పిల్ల లేచి దూకాలి. అక్కడ కాళ్ళ కంటే చెవులు ముందు పనిచేయాలి. మా పిల్లలు మట్టి మీద, ఉత్తకాళ్ళతో నేర్చుకున్నవాళ్ళు. పైస్థాయిలో మ్యాట్ మీద ఆడిస్తారు. మ్యాట్ మీద అడుగు జారకుండా ఆపడం ఇంకో విద్య. అది మా పిల్లలకి మొదటిసారి కనిపించేది పోటీ రోజునే!

2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచ కప్ జరిగింది. మగవాళ్ళ జట్టు, ఆడవాళ్ళ జట్టు రెండూ మనవే గెలిచాయి. ఆడవాళ్ళ ఫైనల్లో నేపాల్ మీద 78-40. ఆంధ్ర కుర్రాడు శివారెడ్డి మగవాళ్ళ జట్టులో ఉన్నాడు. మరునాడు స్టాఫ్‌రూంలో ఈ సంగతి చెప్తే ఒక్కరూ తల ఎత్తలేదు. పేపర్లు దిద్దుకుంటున్నారు.

లెక్కల మాస్టారూ, మీ పొద్దుటి క్లాసు గొప్పదే, కాదనను. నా పిల్లలు ఆరింటికే గ్రౌండులో ఉంటారు.

---

లెక్కల_మాస్టారు

డ్రిల్ సార్, పోటీ పెట్టుకోవడానికి రాయలేదండీ. మా స్కూల్లో పీఈటీ పోస్టు ఖాళీగా ఉంది. సాయంత్రం ఆటల పీరియడ్ కూడా నేనే చూస్తున్నా. కబడ్డీలో గీత తొక్కితే ఔటో కాదో పిల్లల్నే అడిగి విజిల్ వేస్తాను.

---

డ్రిల్_విజిల్ (నల్లగొండ)

ఈ మాట ముందే చెప్పొచ్చు కదా సార్ :) గీత దాటి బయట కాలు పెడితే ఔటే.

---

డల్లాస్_బాబాయ్

చెరువుగట్టు చెప్పిన పూర్వ విద్యార్థిని నేనే. డబ్బుల గురించి మొహమాటం వద్దు. ఒక్క షరతు, పైవరసలో నా ఫొటో పెట్టకండి. పోయినసారి పెట్టారు. నాకు ముందు వరస, పిల్లలకి నా మోకాళ్ళ దగ్గర చోటు. మా అమ్మ వీడియో కాల్‌లో చూపిస్తుంటే సిగ్గేసింది.

ఇక్కడ మిడిల్ స్కూల్ అంటే ఆరు నుంచి ఎనిమిది. మా వాడు ఏడు. బడిలో బ్యాండ్, ఆర్కెస్ట్రా, రోబోటిక్స్, నెలకో సర్టిఫికెట్. ఇంట్లో ఒక డ్రాయరు నిండింది. అందులో వాడికి గుర్తున్నది ఒకటో రెండో. అందరికీ ఇస్తే విలువ ఉండదని కూడా ఇక్కడ చూశాను, కాబట్టి సన్నజాజి గారు అడిగినదానికి "అందరి ఫొటోలూ వేసేద్దాం" అనే జవాబు నా దగ్గర లేదు.

స్పెల్లింగ్ బీ అని ఇక్కడ ఇంగ్లీషు మాటల స్పెల్లింగులు చెప్పే పోటీ ఉంది, దాని సంగతి ఒకటి చెప్తాను. ఎనిమిదో తరగతి దాటినవాళ్ళకి అందులో చోటు లేదు, అంటే సరిగ్గా ఈ వయసు పిల్లల పోటీ. 2024 ఫైనల్లో ఫ్లోరిడాలో ఉండే మన తెలుగు కుర్రాడు బృహత్ సోమ, మా డల్లాస్ వైపు కుర్రాడు ఫైజాన్ జాకీ మిగిలారు. ఫైజాన్ వాళ్ళ మూలాలు హైదరాబాదువే. ఎంతకీ తేలక తొంభై సెకన్ల స్పెల్-ఆఫ్ పెట్టారు. బృహత్ 29 మాటలు సరిగ్గా చెప్పాడు, ఫైజాన్ 20. కప్పు బృహత్‌ది. మర్నాడు అన్ని పేపర్లలోనూ ఒకడి ఫొటోనే. రెండోవాడు ఇంటికెళ్ళి మళ్ళీ చదువుకుని 2025లో గెలిచాడు. 2024లో మన గేటుకి ఫ్లెక్సీ కట్టి ఉంటే అతనికి అందులో చోటుండేదా?

---

ఆగిపోయిన_వెయ్యి

నమస్తే. నేను ఇంటర్ సెకండియర్. ఇంతమంది పెద్దవాళ్ళ మధ్య రాయొచ్చో లేదో తెలీదు.

ఎనిమిదిలో నేను ఎన్‌ఎంఎంఎస్ కొట్టాను. మా స్కూలు గేటు మీద నా ఫొటో వేశారు, అందరికంటే పెద్దది. మా ఊరి సెంటర్లో కూడా ఇంకోటి కట్టారు. తొమ్మిదిలో డబ్బులు పడ్డాయి. పదిలో పడలేదు. ఎందుకంటే ప్రతి ఏడాదీ ఎన్‌ఎస్‌పీ (నేషనల్ స్కాలర్‌షిప్) పోర్టల్లో రెన్యువల్ చేయాలట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. మా నాన్నకి తెలియదు. క్లాస్ టీచరు మారారు. తారీఖు దాటాక మీసేవకి వెళ్తే "క్లోజ్ అయింది" అన్నారు.

టెన్త్‌లో మంచి మార్కులొచ్చాయి. ఒక ప్రైవేట్ కాలేజీ వాళ్ళు ఇంటికొచ్చి ఫీజు తగ్గిస్తామంటే చేరాను. అలా చేరితే ఎన్‌ఎంఎంఎస్ ఇక పూర్తిగా రాదని చేరాక తెలిసింది. సర్కారు కాలేజీలోనో ఎయిడెడ్‌లోనో చదివితేనే ఇస్తారు.

మొత్తం 48,000లో నాకు వచ్చింది 12,000. నా ఫ్లెక్సీ మాత్రం రెండేళ్ళు ఉంది. బస్సు దిగినప్పుడల్లా కనిపించేది. తల దించుకుని వెళ్ళేదాన్ని.

---

సన్నజాజి

తల్లీ, నువ్వెందుకమ్మా తల దించుకోవడం.

---

లెక్కల_మాస్టారు

ఈ అమ్మాయి రాసింది చదివాక రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. నా పాత రిజిస్టరు తీసి చూశాను. ఒక బ్యాచ్‌లో నా దగ్గర ఏడుగురు ఎంపికయ్యారు. ఫోన్లు చేసి కనుక్కున్నాను. ఇంటర్ రెండో ఏడు దాకా తీసుకున్నది ఇద్దరే. ఒకరికి ఆధార్‌తో బ్యాంకు ఖాతా లింకు కాలేదు. ఇద్దరికి రెన్యువల్ పోయింది. ఇద్దరు ఇంటర్‌కి ప్రైవేటుకి వెళ్ళారు. ఆ ఏడుగురి ఫొటోలూ నేనే దగ్గరుండి ఫ్లెక్సీకి ఇచ్చాను. నా బాధ్యత అక్కడితో అయిపోయిందనుకున్నాను, నిజం చెప్తున్నా.

ఇప్పుడు ఎనిమిదిలో ఎంపికైన పిల్లల తల్లిదండ్రులు దయచేసి రాసుకోండి. తొమ్మిదిలో చేరగానే ఎన్‌ఎస్‌పీలో ముందు ఓటీఆర్ (ఒక్కసారి చేసే రిజిస్ట్రేషన్) నంబరు తెచ్చుకోవాలి, తర్వాత ఫ్రెష్ అప్లికేషన్. ఎనిమిదిలో 55 శాతం ఉండాలి. తొమ్మిది మొదటిసారే పాసవ్వాలి. ఇంటర్‌లో కొనసాగాలంటే పదిలో 60 శాతం, ఎస్సీ, ఎస్టీ పిల్లలకి ఈ రెండు చోట్లా అయిదు శాతం సడలింపు. ఏటా రెన్యువల్. అప్లికేషన్ పెట్టాక స్కూలు లాగిన్‌లో, జిల్లా లాగిన్‌లో ఓకే అయ్యిందో లేదో చూసుకోవాలి. స్కూల్లో ఆగిపోయినవే ఎక్కువ. పిల్లాడి పేరు ఆధార్‌లో ఎలా ఉంటే స్కూలు రికార్డులోనూ అలాగే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న దగ్గర కొంపలు మునుగుతున్నాయి.

---

సైన్స్_డబ్బా

ఇన్‌స్పైర్ పిల్లాడి గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నా. ఐడియా ఏంటండీ?

నేను బయో సైన్స్ చెప్తాను. ఏటా మా బడి నుంచి ఐదు ఐడియాలు పంపుతాం. ఒక బడికి అంతవరకే. మా బడిలో ఆరు నుంచి పది తరగతుల పిల్లలు రాస్తారు. ఎంపికైతే పిల్లల ఖాతాలోకే పదివేలు వస్తాయి, ఆ డబ్బుతో నమూనా చేసి జిల్లాకి తీసుకెళ్ళాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, చాలా బడుల్లో ఐడియా పిల్లలది కాదు. యూట్యూబ్ చూసి సార్లు రాస్తారు. అందుకే జిల్లా ప్రదర్శనకి వెళ్తే ఒక హాల్లో అంధుల చేతికర్ర నాలుగు బల్లల మీద పీప్ పీప్ అంటూ ఉంటుంది. జడ్జి "ఇది లోపల ఎలా పనిచేస్తుంది నాన్నా?" అంటే పిల్లాడు సార్ వైపు చూస్తాడు.

పిల్లల్ని వాళ్ళ మానాన వదిలితే వచ్చేవి వేరు. గద్వాల జిల్లా చింతలకుంట జెడ్పీ హైస్కూలు అమ్మాయి సంగతి మీరు వినే ఉంటారు. మొక్కలు నాటేటప్పుడు నల్ల ప్లాస్టిక్ కవర్లు చించి పారేయడం చూసింది. వాళ్ళ వైపు వేరుశెనగ విస్తారంగా పండుతుంది కదా, ఆ పొట్టుతో కుండీ చేస్తే మొక్కతోపాటే భూమిలో పాతెయ్యొచ్చు అనుకుంది. గైడుగా ఉన్నది సైన్సు సార్ కూడా కాదు, లెక్కల సార్! ఆ తర్వాత హైదరాబాదులో కొత్త వస్తువుల నమూనాలు తయారుచేసే టీ-వర్క్స్ వాళ్ళు ఆ కుండీలు ఒత్తే మిషన్ తయారుచేయడంలో సాయం చేశారు. ఆ అమ్మాయి కళ్ళముందున్నది పొట్టు, కవరు. రెండే. అంతకుమించి ల్యాబ్ లేదు.

---

చెరువుగట్టు (పల్నాడు)

సైన్స్ మేడం గారూ, మా వాడిది మిరపకాయల సంగతి. వాళ్ళమ్మ కోతలకి వెళ్తుంది. సాయంత్రం ఇంటికొస్తే చేతులు మంట, చంటిపిల్లని ఎత్తుకోలేదు. మామూలు గ్లౌజులు వేసుకుంటే కాయ పట్టు దొరకదు, పని నెమ్మదిస్తుంది, మేస్త్రి ఊరుకోడు. వీడు మూడు వేళ్ళకి మాత్రమే తొడిగే తొడుగు, కొసన చిన్న గోరులాంటి రేకు పెట్టి చేశాడు. మొదటిది వాళ్ళమ్మ పాత జాకెట్ గుడ్డతో కుట్టాడు. పిన్నీసు గుచ్చుకుంది, రక్తం వచ్చింది, రెండోది చేశాడు.

మీటింగులో ఈ పిల్లాడి గురించి మాట్లాడింది రెండు నిమిషాలు. "పదివేలు పడ్డాయిగా, చాల్లే" అన్నారెవరో.

---

సైన్స్_డబ్బా

ఆ మూడో తొడుగు ఎలా ఉండాలో వాళ్ళమ్మనే అడగమనండి. జిల్లాకి వెళ్ళేటప్పుడు రేకు అంచు మడవమనండి, జడ్జీలు చెయ్యి పెట్టి చూస్తారు. నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి, రాసే పద్ధతి చెప్తాను. చాలా బాగుంది.

---

పాలమూరు_పిల్లోడు

నేను సర్కారు బడిలో చదివి ఇప్పుడు గచ్చిబౌలిలో పని చేస్తున్నా. నిజం చెప్పాలంటే మా బడిలో ఫ్లెక్సీ ఎప్పుడూ కట్టలేదు. గోడ మీద సున్నం వేసి రాసేవాళ్ళు. వానకి పోయేది.

మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమె వయసు పదమూడేళ్ళ పదకొండు నెలలు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. ఖమ్మం వైపు నుంచి ఆనంద్ కుమార్ కూడా ఆమెతో ఎక్కాడు. వాళ్ళిద్దరూ అందరికీ తెలుసు. నేను ఎప్పుడూ ఆలోచించేది మిగతావాళ్ళ గురించి. భువనగిరి గుట్ట మీద మొదట వందమందికి పైగా పిల్లలకి ట్రైనింగ్ ఇచ్చారు. వాళ్ళలోంచి కొందరినే డార్జిలింగ్ పంపారు, అక్కడి నుంచి వడపోసి వడపోసి చివరికి ఇద్దరు. మరి భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకుని మొదటిసారి కిందికి చూసిన ఆ వందమంది? వాళ్ళలో ఎవరికీ ఆ రోజు మర్చిపోయే రోజు కాదు కదా.

సిద్దిపేట వైపు తెలుగు సార్లు కొందరు పిల్లలతో కథలు రాయించి పుస్తకాలు వేస్తున్నారు. మా అక్క కొడుకు ఆరో తరగతిలో రాసిన కథ ఒకటి అట్లనే అచ్చయింది. మేక తప్పిపోయిన కథ. నాలుగు తప్పులున్నాయి. మా అమ్మ చదువు రాకపోయినా ఆ పేజీ తెరిచి చూసుకుంటది. ఆ పుస్తకం ఏ పాక మీదా కప్పలేరు, అదొక సౌకర్యం.

---

పూలజడ

అందరూ ఫ్లెక్సీని తిడుతున్నారు కాబట్టి నేను దాని వైపు మాట్లాడతాను.

మా మేనత్త కూతురు ఎనిమిదిలో ఉండగా బడి మానిపించాలనుకున్నారు. సంబంధం కూడా చూశారు. అదే నెలలో స్కూలు వాళ్ళు దాని ఫొటో గేటు మీద వేశారు. మండల స్థాయి వ్యాసరచన, అంతే, పెద్దదేం కాదు. ఊళ్ళో నలుగురూ మా మామయ్యని ఆపి "మీ అమ్మాయటగా" అనడం మొదలుపెట్టారు. టీ కొట్టు దగ్గర, రేషన్ దగ్గర, అన్నిచోట్లా. ఆయన ముందు ఇబ్బంది పడ్డాడు, తర్వాత అలవాటు పడ్డాడు, ఆ తర్వాత తానే చెప్పుకోవడం మొదలుపెట్టాడు. అంత చెప్పుకున్నాక బడి మానిపిస్తే పరువేముంటుంది? పిల్ల ఇప్పుడు నర్సింగ్ చేస్తోంది.

పది అడుగుల ప్లాస్టిక్ గుడ్డ చేసిన పని మా ఇంట్లో నలుగురు పెద్దమనుషులు కూర్చుని చెప్పినా జరిగేది కాదు. కాబట్టి కట్టండి. కాకపోతే ఎవరికి దాని అవసరం ఉందో చూసి కట్టండి. ఫస్టొచ్చే పిల్లాడికి ఇంకో ఫొటో దేనికి?

---

డ్రిల్_విజిల్ (నల్లగొండ)

ఇది నేను ఒప్పుకుంటున్నా. ఖోఖో పిల్లలకి ఎనిమిది దాటాక ఇంట్లో వచ్చే మాట ఒక్కటే, "ఇంక నిక్కర్లేసుకుని ఆటలేంటి". ఫొటో పడితే ఇంకో ఏడాది పంపుతారు.

---

గవర_కుర్రాడు (అనకాపల్లి)

కాస్త పక్కకి వెళ్తున్నా. కొత్త విద్యావిధానంలో 6-8 పిల్లలకి పది రోజులు పుస్తకాల సంచి లేకుండా చేతిపనుల వాళ్ళ దగ్గరికి పంపాలని ఉంది. చాలాచోట్ల ఆ రోజు రంగు కాగితాలు కత్తిరించి వదిలేస్తారు. మేం ఏటికొప్పాక వెళ్ళాం. అంకుడు కర్ర తిరుగుతుంటే లక్క ఆనించి రంగు ఎక్కించడం పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. క్లాసులో ఎప్పుడూ వెనక బెంచీ దిగని ఒకడు ఉలి పట్టుకున్నాడు. ఆ తాతగారు వాడి మణికట్టు చూసి, "నువ్వు ఆదివారం రా" అన్నారు. మా బస్సులో తిరుగు ప్రయాణమంతా వాడే హీరో. దీన్ని ఏ కేటగిరీలో వేస్తారో నాకు తెలియదు. ఎస్‌జీఎఫ్ (స్కూలు ఆటల పోటీలు)లో లేదు, ఇన్‌స్పైర్‌లో లేదు.

సన్నజాజి గారూ, ముడి ఊడలేదన్న మీ బాబు గుర్తొచ్చి రాశాను.

---

పాతకాలపు_పలక

మా రోజుల్లో గ్రిగ్ పోటీలు అనేవాళ్ళం ఆటల్ని. హైజంపులో రెండోస్థానం వచ్చింది నాకు. బహుమతి సబ్బుపెట్టె. మా ఆవిడ ఇప్పటికీ అందులో సూదులు, దారాలు పెడుతుంది. ఫొటో లేదు.

---

మోడరేటర్

ఒక సభ్యుడు ఒక స్కూలు పేరు, హెడ్మాస్టరు పేరు పెట్టి రాసిన రెండు పోస్టులు తీసేశాం. పిల్లల ఫొటోలు, పేర్లు కూడా పెట్టొద్దు. చర్చ కొనసాగించండి.

---

చెరువుగట్టు (పల్నాడు)

ఆలస్యంగా రాస్తున్నా, మిరప కోతల్లో ఉన్నాం.

నిన్న మళ్ళీ కమిటీ కూర్చుంది. మీరు రాసినవి ఫోన్లో చదివి వినిపించాను. గేదెల పాక దగ్గర మొదట నవ్వారు. ఇంటర్ అమ్మాయి రాసింది చదివేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు. హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, పాత ఎన్‌ఎంఎంఎస్ రిజిస్టరు తెప్పించమని క్లర్కుకి చెప్పారు.

అనుకున్నది ఇదీ. ఫ్లెక్సీ ఉంటుంది, కానీ చిన్నది, నాలుగడుగులు. పైవరస లేదు. ఛైర్మన్ గారు దీనికి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు, "నా ఒక్కడిదీ అయినా" అని రెండుసార్లు అన్నారు. చివరికి ఆయన మనవరాలే బాలసభ మైకు పిల్ల అని ఎవరో గుర్తుచేశారు. ఆ పిల్ల ఫొటో వేస్తామంటే మెత్తబడ్డారు. ఇది లంచమే, ఒప్పుకుంటున్నా.

ఖోఖో అమ్మాయి మధ్యలో. పూలజడ గారు అన్నట్టే, వాళ్ళింట్లో ఈ ఏడాదితో ఆపేస్తామంటున్నారని డ్రిల్ మేడం చెప్పారు. ఎన్‌ఎంఎంఎస్ నలుగురూ ఒక పక్క, మిరప తొడుగు పిల్లాడు ఇంకో పక్క. డల్లాస్ బాబాయి గారి డబ్బులో మిగిలినదాంతో గేటు లోపల గోడకి నల్లబోర్డు కట్టిస్తున్నాం. సోమవారం సోమవారం తుడిచి కొత్తగా రాయాలి. ఏం రాయాలో పిల్లలే చెప్తారు. ఎవరి పేరు రావాలన్నా కనీసం ఇద్దరు పిల్లలు చెప్పాలి, టీచర్లు చెప్తే చెల్లదు.

నిన్ననే పాత బోర్డు మీద ఒకసారి రాసి చూశాం. పిల్లలు చెప్పిన మొదటి పేరు భోజనాల దగ్గర వరసలు చూసే కుర్రాడిది. రెండోది మాకెవరికీ తెలియని ఆరో తరగతి పిల్ల. ఏం చేసిందని అడిగితే, బడి కొళాయి నెల నుంచి కారుతుంటే కింద బకెట్ పెట్టి ఆ నీళ్ళు వేపమొక్కలకి పోస్తోందట. కొళాయి కారుతోందని కమిటీకి తెలియదు. ప్లంబర్ని పిలిపించాం.

లెక్కల మాస్టారూ, మీతో ఒక పని. మా నలుగురిలో ఒకమ్మాయి పేరు ఆధార్‌లో ఇంటిపేరు వెనక ఉంది, స్కూలు రికార్డులో ముందు ఉంది. ఇప్పుడు ఏది మార్చాలి?

---

లెక్కల_మాస్టారు

స్కూలు రికార్డు ముట్టుకోకండి, రేపు పదో తరగతి సర్టిఫికెట్ మీదికి అదే వెళ్తుంది. ఆధార్ మార్పించండి. హెడ్మాస్టరు గారి సంతకంతో బోనఫైడ్ తీసుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని ఆధార్ సెంటర్‌కి వెళ్ళండి. రసీదు పారేయొద్దు. అప్‌డేట్ అయ్యాక బ్యాంకుకి వెళ్ళి ఖాతాకి ఆధార్ లింకు అయ్యిందో లేదో అడగండి. వేసవి సెలవుల్లోనే అయిపోవాలి.

మిగతా ముగ్గురివీ ఈరోజే చూడండి. సరిగ్గా ఉన్నాయనుకున్న చోటే తేడా ఉంటుంది.

---

ఆగిపోయిన_వెయ్యి

మాస్టారూ, ఫోన్ నంబరు కూడా చూడమనండి. ఓటీపీ దానికే వస్తుంది. నాది మా మామయ్య పాత నంబరు ఉండేది.